మెట్టనేల మీద వాలుపొద్దు సాక్ష్యం

ఎండిన నేల మీద సూర్యాస్తమయం ఇవాళ ఎవరికీ కొత్త బొమ్మ కాదు. క్యాలెండర్లలో, పర్యాటక ప్రకటనల్లో, పెళ్లికి ముందు తీయించుకునే ఆల్బముల్లో అదే కనిపిస్తుంది: కింద ఎర్రబారిన నేల, మధ్యలో నల్లగా నిలబడ్డ ఒక బండో తాటిచెట్టో, వెనక నారింజరంగు ఆకాశం. ఇంతగా అలవాటైపోయాక దీనికీ ఒక చరిత్ర ఉందని, కెమెరా పుట్టాక చాలా దశాబ్దాల పాటు ఇలాంటి బొమ్మ ఫొటోగ్రాఫర్లకు అందని పనిగా ఉండేదని మనకు తట్టదు. ఆ చరిత్రను రాజస్థాన్ ఇసుక తిన్నెల వైపు నుంచి చెప్పడం మామూలు. మన దక్కన్ మెట్టనేల నుంచి, హైదరాబాద్‌కు ఆగ్నేయంగా నాగార్జునసాగర్ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నం నుంచి చూస్తే అది మరో రకంగా అర్థమవుతుంది. పొద్దుగూకే వేళ వెలుగును మనం కరువు నేలకు తొడిగే నగలాగా వాడుకుంటూ వచ్చాం. దాని అసలు విలువ సాక్ష్యం చెప్పడంలో ఉంది. నేల మీద మనుషులు పడ్డ కష్టాన్నీ, నీళ్లు నడిచిన దారినీ నడిమింటి ఎండ చెరిపేస్తుంది; వాలుపొద్దు వాటిని గీత గీసినట్టు చూపిస్తుంది. ఈ వ్యాసం నిరూపించదలచింది ఈ ఒక్క మాటనే.

ఇబ్రహీంపట్నం ఎడారి కాదు కదా అన్న ప్రశ్న ముందే వస్తుంది. నిజమే, కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటును ఎడారి అనడం వాడుక. ఈ ఊరున్న రంగారెడ్డి జిల్లాలో పడే వాన అంతకు రెండింతలకు పైనే. తెలుగునాట ఎడారికి దగ్గరగా వచ్చిన నేల కావాలంటే అనంతపురం జిల్లా పడమటి అంచున, వేదవతి ఒడ్డున కణేకల్లు వైపు పేరుకున్న ఇసుక మేటలను చూడాలి. దిబ్బల రూపమే కావాలంటే విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అయినా ఇబ్రహీంపట్నాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎడారిలో వాలు వెలుగు ఏ కారణంతో పనిచేస్తుందో ఇక్కడా అదే కారణంతో పనిచేస్తుంది: చెట్ల కప్పు తక్కువ, మట్టి పొర పలుచన, అడుగున ఉన్న రాయి పైకే కనిపిస్తుంది. హైదరాబాద్ చుట్టూ పరుచుకున్న ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాన నాలుగు నెలల్లో పడిపోతుంది, మిగతా ఎనిమిది నెలలు నేల ఎండకు కాగుతుంది. అలాంటి చోట బతకడానికి మనుషులు వెతుక్కున్న దారి చెరువు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీదే ఈ ఊరు వెలిసింది, ఇక్కడి పెద్దచెరువూ ఆ కాలం నాటిదే. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. చెరువు నిండిన ఏడు ఇది తడినేల, నిండని ఏడు పగుళ్లు బారిన బీడు. పొడినేల చరిత్ర, నీటి చరిత్ర ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ఇలాంటి జాగా ఇసుక ఎడారిలో దొరకదు.

వాలుపొద్దు చేసే పనిని ముందు లెక్కగా చూద్దాం. ఇబ్రహీంపట్నం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిటారుగా పాతిన గుంజకు నీడే ఉండదు. ఆ వేళ పైనుంచి తీసిన ఫొటోలో గట్టూ గుంతా ఒక్కటిగానే కనిపిస్తాయి. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి ప్రతి వస్తువుకూ దాని ఎత్తుకు ఐదున్నర రెట్లకు పైగా నీడ పడుతుంది. 5 డిగ్రీలకు దిగితే 11 రెట్లు. అంటే ఏళ్ల తరబడి వానలకు కరిగి అడుగు ఎత్తు మాత్రమే మిగిలిన పాత పొలం గట్టు, పట్టపగలు పక్క నుంచే నడిచిపోయినా కంటపడనిది, సాయంత్రం 11 అడుగుల నల్లటి పట్టీ పరుస్తుంది. చెరువుకట్ట లోపలి వాలుకు పేర్చిన రాతి కట్టుబడిలో ఒక్కో రాయి విడివిడిగా లేచి నిలుస్తుంది. ఏ రాయి జారిందో, ఎక్కడ పాత రాయి తీసి కొత్తది పెట్టి సిమెంటు పూశారో తెలిసిపోతుంది. నీళ్లు తగ్గుతూ పోయిన ఒడ్డున, ఒక్కో మట్టం దగ్గర కొన్నాళ్లు నిలిచిన అలలు కోసిన సన్నని మెట్లు వరసగా బయటపడతాయి. అయితే ఈ అవకాశం ఎంతోసేపు ఉండదు. మన దగ్గర సూర్యుడు 10 డిగ్రీల ఎత్తు నుంచి నేలను తాకడానికి పట్టేది దాదాపు 40 నిమిషాలు. ఆ తర్వాత ఇరవై నిమిషాలకు పైగా మసక వెలుగు ఉన్నా అందులో నీడలుండవు. ఉత్తర యూరప్ వేసవిలో గంటలకొద్దీ సాగే సంధ్య మనకు లేదు.

ఈ 40 నిమిషాలను మొదటి తరం ఫొటోగ్రాఫర్లు ఎందుకు వదిలేశారు? 1839లో డాగెర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతి తెచ్చాడు. గాజుపలక మీద కొలోడియన్ పోసి, వెండి లవణపు నీళ్లలో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, వెంటనే కడిగేయాలి. వేడినేలల్లో ఇది నరకయాతన. 1856కూ 1860కీ మధ్య ఈజిప్టులో తిరిగిన ఫ్రాన్సిస్ ఫ్రిత్, గుడారంలోని వేడికి కొలోడియన్ పలక మీదే పొంగిపోయేదని రాసుకున్నాడు. 1867లో అమెరికాలో నెవాడా ఎడారికి వెళ్లిన తిమోతీ ఓసల్లివన్ బండినే డార్క్ రూముగా మార్చుకుని ఇసుక తిన్నెల మధ్యకు తోలించాడు. ఇంత తెగించిన వాళ్లకు కూడా వేడిని మించిన అడ్డంకి ఒకటి మిగిలింది, అది పలక చూపులోనే ఉంది. ఆనాటి వెండి లవణాలకు తెలిసింది నీలం, ఊదా వెలుగులే. ఎరుపు, నారింజ వాటికి చీకటితో సమానం. అందుకే నీలాకాశం తెల్లగా కాలిపోయేది, ఎర్రమట్టి నల్లబడేది. పొద్దు బాగా వాలాక నేరుగా వచ్చే వెలుగులోని నీలం చాలామటుకు గాలిలోనే చెదిరిపోతుంది, నేలను చేరేది ఎరుపు. నీడకూ ఎండకూ తేడా చూపాల్సిన ఆ ఎర్రని కిరణాన్ని పలక చూడలేదు. ఆకాశం నుంచి చెదిరి వచ్చే నీలివెలుగు మాత్రం నీడ మీదా ఎండ మీదా ఒకేలా పడి రెంటినీ కలిపేస్తుంది. కంటికి అంత గాఢంగా కనిపించే సాయంత్రపు నీడ పలక మీదికి వచ్చేసరికి పలచబడిపోయేది. 1850ల్లో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ నుంచి, ఆకాశాన్ని మరో నెగటివ్ నుంచి తీసుకుని ఒకే కాగితం మీద అచ్చువేశాడు. మద్రాసు ప్రభుత్వం కోసం 1857-58లో దక్షిణాది గుళ్లనూ కోటలనూ ఫొటోలు తీసిన లినియస్ ట్రైప్ నెగటివ్‌ల మీద మబ్బులను చేత్తో దిద్దాడు. ఆకాశాన్నీ నేలనూ ఒకే వేళ, ఒకే పలక మీద పట్టడం ఆ కాలానికి అంత కష్టం.

హైదరాబాద్ రాజ్యానికి కెమెరా తొందరగానే వచ్చింది. మద్రాసు ఆర్టిలరీ అధికారి అలన్ స్కాట్ హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో తీసిన ఫొటోలు 1862లో లండన్‌లో పుస్తకంగా వెలువడ్డాయి. తర్వాత రెండు దశాబ్దాలకు లాలా దీన్‌దయాళ్ వచ్చారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిన మనిషి ఆయన. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు, 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు, 1905లో కన్నుమూశారు. ఆయన కాలానికి పని కొంత సులువైంది. 1871లో రిచర్డ్ మాడక్స్ కనిపెట్టిన జెలటిన్ పొడి పలకలు బజారులోకి వచ్చి తడి పలకల అవస్థ తప్పించాయి. ముందే సిద్ధం చేసిన పలకలను పెట్టెలో వేసుకుని ఎంత దూరమైనా వెళ్లవచ్చు. నిజాం రాజ్య దృశ్యాలతో 1892లో కూర్చిన ఆయన ఆల్బమ్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గర ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివ్‌లున్నాయి. దక్కన్ రూపం మన కళ్లలో ఏర్పడటంలో ఈ బొమ్మల వాటా చాలా పెద్దది. వాటిలో చాలాచోట్ల ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంటుంది, వెలుగు భవనం ముఖమంతా పరుచుకుని ఉంటుంది, రాతి చెక్కడం ప్రతి గీతా స్పష్టంగా పడుతుంది. పని నాణ్యతలో వాటికి సాటి తక్కువ. కానీ అవి పగటి బొమ్మలు.

ఇది రసాయనం చేసిన పనేనా, మనిషి ఎంచుకున్నదా అని అడగవచ్చు. స్టాండు మీద కెమెరా నిలిపి పలకను మరికొంతసేపు వెలుగుకు తెరిచి ఉంచితే సాయంత్రమూ బొమ్మ పడుతుంది కదా, పొడి పలకలు వచ్చాక అది మరీ అసాధ్యమేమీ కాదు కదా అన్న అభ్యంతరంలో బలముంది. దీన్‌దయాళ్ చేత ఫొటోలు తీయించినవారికి కావలసింది రాజ్యం ఆస్తుల చిట్టా: దేవిడీలు, కోటలు, వంతెనలు, కరువు పనులు, వచ్చిపోయే వైస్రాయిల విడిదులు. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేయి తిరిగిన కన్ను కట్టడాన్ని నక్షాలోలాగా నిటారుగా, కొలతకు నిలిచేలా చూస్తుంది. అక్కడ పొడుగాటి నీడ అడ్డమే. కాబట్టి హద్దు గీసింది రసాయనమైతే, ఆ హద్దులోపల అలవాటును స్థిరపరచింది బొమ్మకు డబ్బు పెట్టినవాళ్ల అవసరం. ఈ ఒప్పుకోలు నా వాదాన్ని బలహీనపరచదు, మరింత నిలబెడుతుంది. చిట్టాకు ఎక్కినవి పెద్ద కట్టడాలే. ఊరి కుంటలు, వాగులకు అడ్డంగా వేసిన మట్టి కట్టలు, చెలకల మధ్య రాతి గట్లు ఏ ఆల్బముకూ పనికిరాలేదు. వాటిని చూపగలిగిన వెలుగు అప్పటి పలకకు అందదు, వాటిని చూడాలన్న కోరిక అప్పటి దర్బారుకు లేదు. ఈ రెండు లోట్లూ కలిసి మెట్టపల్లెల నేలను తొలి ఫొటో చరిత్రలోంచి తప్పించాయి.

పలక చూపు మెల్లగా బాగుపడింది. 1873లో జర్మనీలో హెర్మాన్ ఫోగెల్ కొన్ని రంగులను కలిపితే పలకకు ఆకుపచ్చ, పసుపు వెలుగులు కూడా అందుతాయని కనుగొన్నాడు. 1906లో ఇంగ్లండ్‌లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ ఎరుపును కూడా చూడగల పాంక్రొమాటిక్ పలకలను అమ్మకానికి పెట్టింది. 1907లో ఆటోక్రోమ్, 1935లో కోడాక్రోమ్ రావడంతో సాయంత్రపు రంగు రంగుగానే దక్కింది. అప్పటి నుంచి పొద్దువాలే వేళకు గిరాకీ పెరిగింది, సినిమా దాన్ని ఇంకా పెంచింది. 1974లో శ్యామ్ బెనెగల్ అంకుర్ హైదరాబాద్ దగ్గరి పల్లెలో గోవింద్ నిహలానీ కెమెరాతో తయారైంది. తెలంగాణ నేల హిందీ తెరకు రంగుల్లో అందిన తొలి గట్టి సందర్భాల్లో అదొకటి. మరుసటి ఏడు వచ్చిన షోలేలో ద్వారకా దివేచా కర్ణాటకలోని రామనగరం బండరాళ్లను దేశమంతటికీ చూపించారు. అందులో దీపాలు వెలిగించే దృశ్యం కోసం రోజుకు కొద్ది నిమిషాలే ఉండే మసక వెలుగును పట్టుకుని చాలా రోజులు పనిచేశారు. 1996లో ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోనే రామోజీ ఫిల్మ్ సిటీ మొదలైంది. చుట్టుపక్కల గుట్టలు, బీళ్లు సినిమావాళ్ల లెక్కలో లొకేషన్ అయ్యాయి. లొకేషన్‌కు ఊరి పేరు అక్కర్లేదు, అది కథకు ఏ దేశమైనా కావచ్చు. రంగుల ఆకాశం నిండుగా రావాలంటే ఎక్స్‌పోజర్ ఆకాశానికి కుదర్చాలి. అలా కుదర్చగానే నేల నల్లముద్దగా మారుతుంది. ఒకనాడు పలక ఆకాశాన్ని పోగొట్టి నేలను ఉంచింది, ఇప్పుడు మనం ఆకాశాన్ని ఉంచుకుని నేలను పోగొట్టుకుంటున్నాం. నడిమింటి ఎండ చేసిన నష్టాన్నే ఈ సాయంత్రపు నల్లబొమ్మ మరో దారిలో చేస్తోంది.

ఈ సినిమాలకు చాలా ముందే అసలైన ఎడారుల్లో వాలుపొద్దుకు మరో వాడుక పుట్టింది. 1920ల్లో కైరో నుంచి బాగ్దాద్‌కు ఉత్తరాలు మోసిన బ్రిటిష్ వాయుసేన పైలట్లు జోర్డాన్ నల్లరాతి ఎడారి మీద ఎగురుతూ నేల మీద కిలోమీటర్ల పొడవున సాగిన రాతి గోడలను గమనించారు. అవి పూర్వపు ముసలివాళ్ల పనులని అక్కడి బెదూయిన్లు చెప్పుకునేవారు. పెర్సీ మైట్లాండ్ అనే పైలట్ 1927లో యాంటిక్విటీ పత్రికలో వాటి గురించి రాశాడు. జంతువులను తరిమి పట్టే ఉచ్చులుగా అవి ఇప్పుడు గుర్తింపు పొందాయి. అంతకన్నా పద్ధతిగా పనిచేసింది ఫ్రెంచి జెస్యూట్ పూజారి ఆంట్వాన్ ప్వాదెబార్. 1925 నుంచి 1932 దాకా సిరియా ఎడారి మీద విమానంలో తిరుగుతూ, ఉదయం సాయంత్రం వాలు కిరణాలు నేలను ఒరుసుకుంటూ పోయే వేళల్లో ఫొటోలు తీశాడు. మట్టిలో కలిసిపోయిన రోమన్ దారులు, కోటలు, బావులు నీడల రూపంలో పైకి వచ్చాయి. 1934లో అవన్నీ పుస్తకమయ్యాయి. ఇంగ్లండ్‌లో క్రాఫర్డ్, కైలర్ 1928లో వెలువరించిన ఆకాశ ఛాయాచిత్రాల గ్రంథానిదీ ఇదే సూత్రం. కాలినడకన ఎన్నిసార్లు దాటినా కనపడని కట్టడం, సూర్యుడు దిగే అరగంటలో కనబడింది. ఎడారిలో అస్తమయాన్ని ఫొటో తీయడం చరిత్ర పరిశోధనకు సాధనంగా నిలబడిన సందర్భం ఇది. అలంకారం వేరు, ఆధారం వేరు అనడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ అవసరం లేదు.

ఆ పద్ధతి దక్కన్‌కు ఎంత పనికొస్తుందో ఊహించడం కష్టం కాదు. నిజాం రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ దాని అధిపతిగా దశాబ్దాల పాటు పనిచేశారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఇనుప యుగపు సమాధుల తవ్వకాలు కూడా ఆ రోజుల్లోనే సాగాయి. మౌలాలీ వాటిలో పేరున్న చోటు. జనం రాకాసి గుళ్లని పిలిచే ఈ సమాధుల చుట్టూ రాళ్లను వలయంగా పేర్చి ఉంటారు. చాలాచోట్ల ఆ రాళ్లు జానెడు కూడా బయటికి ఉండవు. పగటిపూట అది పొలంలో ఏరి పడేసిన రాళ్ల కుప్పలా ఉంటుంది, వాలు వెలుగులో వలయం మొత్తం తేలుతుంది. శాసనాలు చదివేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అరిగిపోయిన అక్షరం ఎదురు వెలుగులో లేనట్టే ఉండి, పక్క నుంచి వెలుగు తగలగానే లోతు చూపిస్తుంది. ఇబ్రహీంపట్నానికి తూర్పున, 14, 15 శతాబ్దాల్లో రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన రాచకొండ గుట్టల్లో సున్నం లేకుండా బండల మీద బండలు పేర్చి కట్టిన గోడలున్నాయి. ఎక్కడ గుట్ట ఆగి గోడ మొదలైందో మధ్యాహ్నం తెలియదు, ఎందుకంటే రెండూ ఒకే రాయి, ఒకే రంగు. బండల మధ్య సందులు నీడతో నిండిన వేళ గోడ వరసలు తెలుస్తాయి. గొలుసుకట్టు చెరువులకూ ఇదే వర్తిస్తుంది. ఒక చెరువు మత్తడి దాటిన నీళ్లు కింది చెరువును చేరడానికి తీసిన కాలువ పూడి, దున్నకంలో కలిసిపోయినా, దాని పల్లం ఇంకా కొంత మిగిలే ఉంటుంది. ఆ కొంతను చూపగలది వాలుపొద్దే.

వాలు వెలుగుకు మరో గుణముంది, అది బొమ్మకు తేదీ వేస్తుంది. ఆన్సెల్ ఆడమ్స్ తీసిన మూన్‌రైజ్, హెర్నాండెజ్ ఇందుకు ప్రసిద్ధమైన నిదర్శనం. న్యూ మెక్సికో మెట్టప్రాంతంలో కారులో పోతూ ఒక చిన్న ఊరి శ్మశానంలోని తెల్లని శిలువల మీద చివరి ఎండ పడటం, పైన చంద్రుడు లేచి ఉండటం ఆయన చూశారు. వెలుగును కొలిచే మీటరు చేతికి అందలేదు. నిండు చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 కాండిళ్లన్న లెక్క గుర్తుండటంతో దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ కట్టి ఒక్క నెగటివ్ తీశారు. రెండోది తీయడానికి సిద్ధమయ్యేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఆయనకు ఫొటో తీసిన తేదీ సరిగా గుర్తులేక వేర్వేరు సంవత్సరాలు వేస్తూ వచ్చారు. తర్వాత ఖగోళ పరిశోధకులు చంద్రుడి స్థానాన్నీ ఆ చోటునూ బట్టి లెక్కగట్టారు. 1991లో డెనిస్ డి సిక్కో తేల్చిన ప్రకారం అది 1941 నవంబర్ 1 సాయంత్రం. మన దగ్గరా అస్తమయ స్థానం ఏడాది పొడవునా పడమర నుంచి దక్షిణానికి 25 డిగ్రీలు, ఉత్తరానికి 25 డిగ్రీల మేర ఊగుతుంది. కాబట్టి చెరువుకట్ట నీడ ఏ దిక్కుకు, ఎంత పొడవున పడిందో కొలిస్తే ఆ ఫొటో ఏ కాలంలో, ఏ వేళ తీసిందో దాదాపుగా రాబట్టవచ్చు. మధ్యాహ్నపు బొమ్మ ఈ వివరం ఇంత సులువుగా ఇవ్వదు. సాక్షి ఎప్పుడు చూశాడో తేలితేనే సాక్ష్యం నిలుస్తుంది.

దీనికి ఎదురుచెప్పేవారు రెండు మాటలు అంటారు. మొదటిది, సాయంత్రపు వెలుగు కరువును అందంగా చూపి బాధను మరిపిస్తుందని. ఎండిన చెరువు బంగారు రంగులో మెరిస్తే చూసేవాడికి దాహం గుర్తుకు రాదన్నది నిజం. కానీ కఠినమైన పగటి వెలుగు దానంతట అదే నిజాయతీ తేదు. 1876-78 మద్రాసు కరువులో విల్లోబీ హూపర్ ఆకలితో ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి, నిండు వెలుగులో ఫొటోలు తీశాడు. ఆ బొమ్మల్లో మనుషుల బాధ ఉంది, వాళ్ల ఊరు లేదు, నేల లేదు, నీళ్లెందుకు రాలేదన్న జాడ లేదు. మోసం వెలుగులో కన్నా, చోటును తెంచి చూపడంలో ఉంది. అదే చెరువును వాలు వెలుగులో, కట్ట తెగిన చోటూ పూడిన తూమూ కనిపించేలా, ఊరి పేరుతో చూపితే అందం అడ్డు రాదు. చూపును అక్కడ నిలబెట్టడానికి తోడ్పడుతుంది. రెండోది, వాలు వెలుగు కూడా అన్నీ చూపదని. ఇదీ నిజమే. వెలుగుకు అడ్డంగా ఉన్న గట్టు నీడ వేస్తుంది, వెలుగు పోయే దిక్కునే సాగిన గట్టు నీడ లేక మాయమవుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఉన్న కట్ట సాయంత్రం బాగా పలికితే, తూర్పు పడమరలుగా ఉన్నది మూగబోతుంది. అందుకే ప్వాదెబార్ ఉదయాన్నీ సాయంత్రాన్నీ రెంటినీ వాడాడు. మనం అస్తమయ స్థానం మారే వేర్వేరు నెలల్లో అదే చోటుకు తిరిగి వెళ్లాలి. లోపం తెలిసిన సాధనాన్ని వాడుకోవచ్చు, ఏ లోపమూ లేదని నమ్మినప్పుడే ప్రమాదం.

ఉపగ్రహాలు, డ్రోన్లు, లేజర్‌తో నేలను కొలిచే యంత్రాలు ఉన్న కాలంలో ఇదంతా ఎందుకన్న ప్రశ్న మిగిలింది. కొలతల్లో అవే మేలు, సందేహం లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల బాగును లక్ష్యంగా పెట్టుకుంది. అంత పెద్ద పనికి, చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దులు తేల్చడానికి, శిఖం భూముల వివాదాలకు సర్వే యంత్రాలు కావలసిందే. అయితే యంత్రం ఇచ్చేది ఇవాళ్టి మట్టం. ఆ మట్టం కింద పాత కట్టుబడి ఎలా ఉండేదో, పూడిక తీయడానికి ముందు ఒడ్డు మీద ఎన్ని నీటిగీతలుండేవో తర్వాత ఏ యంత్రమూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి అవి ఉండవు. పైగా కంటి ఎత్తులో, ఊరి మనిషి రోజూ నిలబడే చోటు నుంచి తీసిన ఫొటోను ఆ ఊరి రైతు, నీరటి, స్కూలు పిల్లలు చదువుకోగలరు. ఇది మా తూము, ఇక్కడి నుంచి మా ఆయకట్టుకు నీళ్లు వచ్చేవని వేలు పెట్టి చూపగలరు. ఊరికి అర్థమయ్యే సాక్ష్యం ఊరి చేతిలో ఉండటం వేరు, ఆఫీసు కంప్యూటర్‌లో ఉండటం వేరు. రెండూ కావాలి, ఒకటి మరోదానికి బదులు కాదు.

ఆలస్యం చేయడానికి వీల్లేని పరిస్థితి ఇది. హైదరాబాద్ చుట్టూ గుట్టలు క్వారీలకూ ప్లాట్లకూ కరిగిపోతున్నాయి. వాటిని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది, కొన్ని రాతి నిర్మాణాలకు వారసత్వ గుర్తింపు సాధించింది. కానీ నగరం నాగార్జునసాగర్ రోడ్డు వెంట ఇబ్రహీంపట్నం దాకా పెరిగింది. పొలం గట్లు, కుంటలు, పాత కాలువల పల్లాలు ఏ వారసత్వ జాబితాలోనూ లేవు; జేసీబీ ఒక పూటలో వాటిని చదును చేస్తుంది. తొలి ఫొటోగ్రాఫర్లకు లేని సాధనం ఇప్పుడు ప్రతి జేబులో ఉంది, ఎరుపును చూడగల సెన్సరు ఉన్న ఫోను. ఇక కావలసింది పద్ధతి. ఆకాశానికి కాకుండా నేలకు ఎక్స్‌పోజర్ కుదర్చండి. సూర్యుడు మునగకముందు అరగంటలో, వెలుగు పక్క నుంచి వచ్చేలా నిలబడండి. ఫోను తనంతట తాను కలిపే రంగులను ఆపేయండి. ఊరి పేరు, చోటు, తేదీ, వేళ, కెమెరా చూసే దిక్కు రాసిపెట్టండి. అదే చోటుకు వానకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, చలికాలంలో ఒకసారి వెళ్లండి. ఆ ఫొటోలను గ్రామ పంచాయతీలోనూ, హైస్కూలులోనూ ఒక్కో ప్రతి ఉంచండి. మల్కిభరాముడి కాలం నుంచి ఈ నేలను పండించిన మనుషులు తమ పని గురించి రాసిపెట్టుకోలేదు. వాళ్లు వేసిన గట్టూ కట్టిన కట్టా మిగిలి ఉండగానే వాటిని నమోదు చేయడం మన తరం చేయాల్సిన పని, తర్వాతి తరానికి ఆ అవకాశం ఉండదు.